కీళ్లవాతం మందులు వాడుతుంటే దగ్గు వదలడం లేదా? ఒక్కో మెట్టుగా ఏం చేయాలంటే

“వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నానండీ. నెల రోజులుగా దగ్గు. మాత్ర ఆపేయమంటారా?”

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. పదకొండేళ్లుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నదాన్ని. దగ్గు విషయంలో చేయకూడని తప్పులన్నీ ముందే చేసేసినదాన్ని కూడా.

ఐదేళ్ల కిందట వారాల తరబడి ఆపకుండా దగ్గాను. మెడికల్ షాపులో అడిగి మూడు సీసాల సిరప్ తాగాను. తగ్గలేదు. మెథోట్రెక్సేట్ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుందని ఎవరో అంటే భయపడి, ఎవరికీ చెప్పకుండా మానేశాను. మూడో వారానికల్లా స్టవ్ లైటర్ నొక్కడానికి వేలు వంగలేదు. దగ్గు మాత్రం దాని మానాన అది ఉంది. చివరికి మా రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) నా చీటీలన్నీ బల్ల మీద పరిచి, దగ్గు మొదలవడానికి పదకొండు రోజుల ముందు నాకు కొత్తగా బీపీ మాత్ర రాశారని వేలు పెట్టి చూపించారు. రామిప్రిల్. అది మార్చాక నాలుగో వారానికి దగ్గు పోయింది.

మీ దగ్గుకి కారణం కూడా అదేనని కాదు. మామూలు జలుబు తాలూకు దగ్గు కావచ్చు, టీబీ కావచ్చు, కీళ్లవాతమే ఊపిరితిత్తుల దాకా వెళ్లి ఉండొచ్చు, మందు పడకపోయి ఉండొచ్చు, కడుపులో పులుపు పైకి తన్నుతుండొచ్చు. వీటిలో ఏదో తేల్చడానికి డాక్టర్‌కి మీ దగ్గర్నుంచి కావాల్సింది తేదీలు, కొలతలు. ఈ పద్ధతంతా వాటి కోసమే.

ముందు ఇవి చూడండి. వీటిలో ఒక్కటి ఉన్నా మిగతాది చదవకుండా ఆస్పత్రికి వెళ్లండి

- కూర్చున్నచోటే ఆయాసం, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం
- కళ్లెలో రక్తం
- ఆక్సీమీటర్‌లో 92 లేదా అంతకంటే తక్కువ
- జ్వరంతో పాటు పొడి దగ్గు, ఆయాసం రెండు మూడు రోజుల్లోనే పెరిగిపోవడం
- ఛాతీలో నొప్పి, పెదాలు నీలంగా మారడం, మనిషి మత్తుగా, తికమకగా ఉండడం

ఆటో కోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మందుల సంచి మర్చిపోవద్దు. “రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారు” అన్న మాట క్యాజువాలిటీలో మొదటి నిమిషంలోనే చెప్పాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్పు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలూ, ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లాలూ, ఆయుర్వేదం పొడులూ అన్నీ
- గత ఆరు నెలల చీటీలు
- పాత ఛాతీ ఎక్స్‌రే. ముఖ్యంగా కీళ్లవాతం మందులు మొదలుపెట్టే ముందు తీసినది
- టీబీ కోసం గతంలో చేసిన చర్మ పరీక్ష లేదా రక్త పరీక్ష రిపోర్టు, ఉంటే
- డిజిటల్ థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్ (కోవిడ్ అప్పుడు కొన్నది బీరువాలో ఉండే ఉంటుంది, బ్యాటరీ మార్చండి), బరువు తూచే మెషిన్
- గోడ క్యాలెండర్, ఒక పెన్ను

1. మందులు మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి

అందరూ జారిపడేది ఇక్కడే. దగ్గు రాగానే మెథోట్రెక్సేట్ మీద అనుమానం పడుతుంది. దానివల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావడం నిజమే గానీ అరుదు. వచ్చినా ఎక్కువగా మొదటి ఏడాదిలో వస్తుంది, జ్వరం, ఆయాసంతో వస్తుంది. ఐదారేళ్లుగా పడుతున్న మందు ఉన్నట్టుండి ఉత్త గొంతు గరగర తెప్పించడం తక్కువ.

అలాగని కళ్లు మూసుకుని వేసుకోమనీ కాదు. డాక్టర్లు మామూలుగా పాటించే పద్ధతి ఇదీ:

మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్, టోఫాసిటినిబ్, అడాలిముమాబ్ లాంటి బయలాజిక్ ఇంజెక్షన్లు: జ్వరంతో, యాంటీబయాటిక్ అవసరమయ్యేంత ఇన్ఫెక్షన్ ఉంటే కొన్నాళ్లు ఆపిస్తారు. ఉత్త జలుబుకి ఆపరు.

హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజైన్: సాధారణంగా కొనసాగించమంటారు.

ప్రెడ్నిసొలోన్ (వైసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు): కొన్ని వారాలకు మించి వాడుతున్నవాళ్లు దీన్ని హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలే ప్రమాదం ఉంది. జబ్బు చేసినప్పుడు కొందరికి డోసు పెంచాల్సి కూడా రావచ్చు. ఆపడం మాత్రం ఎప్పుడూ మీ నిర్ణయం కాకూడదు.

రేపు మెథోట్రెక్సేట్ రోజు, ఇవాళ జ్వరం వచ్చింది, డాక్టర్ దొరకలేదు. అప్పుడు? ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే నష్టం లేదు, ఫోన్లో మాట్లాడాక వేసుకోండి. తప్పిన డోసుని తర్వాతి వారం డోసుతో కలిపి వేసుకోవద్దు. ఇది రోజూ వేసుకునే మాత్ర కాదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. మీకు ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రలు అందించేది వాళ్లే. వారం డోసుని రోజూ ఇచ్చేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

2. తేదీల పట్టీ రాయండి

ఒక తెల్ల కాగితం చాలు. ఎడమ వైపు తేదీ, కుడి వైపు ఏం జరిగిందో. నేను అప్పుడే రాసి ఉంటే నా కాగితం ఇలా ఉండేది:

జూన్ 2: బీపీ మాత్ర మారింది, రామిప్రిల్
జూన్ 13: గొంతులో గరగర, పొడి దగ్గు మొదలు
జూన్ 20: సిరప్, మొదటి సీసా
జులై 1: సిరప్ మారింది
జులై 6: మెథోట్రెక్సేట్ మానేశాను
జులై 24: వేళ్లు వాచాయి, పొద్దున రెండు గంటలు బిగుసుకుని ఉన్నాయి

ఇప్పుడు చూస్తే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. అప్పుడు కాగితం లేదు కాబట్టి నాకు అర్థం కాలేదు. డాక్టర్ అడిగితే “ఓ నెల నుంచి అనుకుంటానండీ” అనేదాన్ని.

పట్టీలో ఇవీ చేర్చండి: కొత్త మందు, డోసు పెరగడం, ఇంజెక్షన్ తేదీ, ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు, ఊరి ప్రయాణం, ఇంటికి సున్నాలు, పెయింటు, పాత గోనెసంచులు దులపడం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాలు గూళ్లు పెట్టి ఉంటే అదీ రాయండి. నవ్వుకోవద్దు. పావురాల రెట్ట దుమ్ము కొందరి ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది, కీళ్లవాతం వల్ల వచ్చే దానిలాగే కనిపించి డాక్టర్లను కూడా తికమక పెడుతుంది.

బీపీ మాత్ర పేరు చివర “ప్రిల్” ఉంటే (రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్) దాని కింద గీత గీయండి. ఈ కుటుంబం మందులు కొందరికి పొడి దగ్గు తెస్తాయి. మొదలుపెట్టిన వెంటనే రావచ్చు, కొన్ని నెలలకు రావచ్చు. దీన్ని కూడా సొంతంగా ఆపకండి. డాక్టర్ టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటిది రాసిస్తారు.

3. దగ్గుని రెండు రోజులు గమనించండి

పొడిదా, కళ్లె పడుతోందా? కళ్లె ఏ రంగు? ఎప్పుడు ఎక్కువ?

పడుకోగానే, లేదా భోజనం చేశాక ఎక్కువైతే, నోట్లో పుల్లగా ఉంటే, కడుపులో పులుపు పైకి రావడాన్ని అనుమానించాలి. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు వాడే మనలో ఇది మామూలే. ఎముకల బలానికి వారానికోసారి అలెండ్రోనేట్ వేసుకునేవాళ్లు గ్లాసుడు నీళ్లతో మింగి అరగంట నిటారుగా కూర్చుంటున్నారా? మింగి మళ్లీ మంచమెక్కితే ఆహారం దిగే గొట్టం ఒరిసిపోయి గుండెల్లో మంట మొదలవుతుంది.

తెల్లవారుజామున, పిల్లికూతలతో వస్తే ఆస్తమా వైపు. ముక్కు కారుతూ గొంతులోకి జారుతున్నట్టుంటే ముక్కు వైపు. నోరు, కళ్లు ఎండిపోయి, మంచినీళ్లు లేనిదే ముద్ద మింగుడు పడకపోతే అది కీళ్లవాతంతో పాటు వచ్చే పొడితనం కావచ్చు (షోగ్రెన్ అంటారు). అలాంటివాళ్లు జలుబు సిరప్ తాగితే గొంతు ఇంకా ఎండి, దగ్గు పెరుగుతుంది.

మెట్లెక్కితే, బిందె ఎత్తితే దగ్గు, ఆయాసం రెండూ కలిసి వస్తూ నెలనెలా పెరుగుతుంటే ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయేమో చూడాలి. కీళ్లవాతంలో ఇది ముఖ్యమైన సంగతి. ఇక్కడో చిక్కుంది. మోకాళ్ల నొప్పుల వల్ల మనం ఎలాగూ తక్కువ నడుస్తాం కాబట్టి ఆయాసం బయటపడదు. “నేను బాగానే ఉన్నాను, మోకాళ్లే” అనుకుంటూ ఏడాది గడిపేస్తాం.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే నేరుగా అయిదో మెట్టుకి వెళ్లండి. బరువు సంగతి బట్టల్ని బట్టి చెప్పొద్దు, మెషిన్ ఎక్కి చూడండి. స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బి ఉంటే అద్దం అబద్ధం చెబుతుంది.

4. ఇంట్లో కొలతలు

జ్వరం: పొద్దున, సాయంత్రం. చూసే ముందు నాలుగైదు గంటల్లో పారాసిటమాల్ వేసుకుని ఉండకూడదు. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు జ్వరాన్ని అణిచేస్తాయి, కాబట్టి “జ్వరం లేదు” అన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదనుకోవద్దు. టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. దాంతో రక్తంలో సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే అంకె) కూడా మామూలుగానే కనబడుతుంది. ల్యాబ్ రిపోర్టు చూసి ధీమా పడొద్దు.

ఆక్సిజన్: మన చేతులతో వచ్చిన ఇబ్బంది ఇక్కడ. వేళ్లు చల్లగా ఉన్నా, వంకర తిరిగి క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా మీటర్ తప్పు చూపిస్తుంది. చేతులు రుద్ది వెచ్చబెట్టుకోండి. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేలు వద్దు. తక్కువ వంకర ఉన్న వేలు ఎంచుకుని, రోజూ అదే వేలికి పెట్టండి. అంకె ఒక నిమిషం నిలకడగా ఉన్నాకే రాసుకోండి. పెట్టీ పెట్టగానే కనిపించే 88 చూసి ఇల్లంతా గోల చేసిన రోజు మా ఇంట్లో ఉంది. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, అంతే.

తర్వాత నడక పరీక్ష. కూర్చుని అంకె రాయండి. ఇంట్లోనే చదునైన చోట ఆరు నిమిషాలు మామూలుగా నడవండి. అరవై దాటినవాళ్లకీ, మోకాళ్లు సహకరించనివాళ్లకీ మూడు నిమిషాలు చాలు. ఒంటరిగా చేయొద్దు. ఆగగానే మళ్లీ చూడండి. మొదటి అంకె కంటే మూడుకి మించి పడినా, 93 కిందికి వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. కూర్చుని ఉన్నప్పుడే 94కి దిగి ఉంటే నడక పరీక్ష జోలికి పోకుండా ఫోన్ చేయండి.

5. రెండు వారాలు దాటిందా? కళ్లె పరీక్ష

మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా టీబీ పరీక్ష చేయించాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోని నియమం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనం అన్నాళ్లు కూడా ఆగనక్కర్లేదు, ముఖ్యంగా జ్వరమో బరువు తగ్గడమో తోడైతే. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. “ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు పరీక్ష చేశారు, లేదన్నారు” అని ఊరుకోకండి. ఆ పరీక్ష ఆనాటికే. ఆ తర్వాత సోకకూడదని ఏమీ లేదు కదా.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం. మైక్రోస్కోపు పరీక్ష ఒక్కటే కాకుండా ట్రూనాట్ లేదా సీబీనాట్ చేయమని అడగండి. ఇవి తక్కువ క్రిములున్నా పట్టుకుంటాయి, మందుకి లొంగని రకమా అన్నదీ చెబుతాయి. ఎక్కడ చేస్తారో తెలియకపోతే టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రి ఇలాంటి వాటికి పాతకాలం నుంచీ ఉన్నాయి. పేరు వినగానే “అమ్మో, అక్కడికా” అనే సంకోచం ఉంటుంది. దాన్ని గుమ్మం బయట వదిలేయండి.

కళ్లె సరిగ్గా ఇవ్వకపోతే పరీక్ష వృథా. ఇలా ఇవ్వండి:

- పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, మామూలు నీళ్లతో పుక్కిలించండి.
- కిటికీ దగ్గరో, ఆరుబయటో, మనుషులకు దూరంగా నిలబడండి.
- రెండు మూడు సార్లు గాలి నిండా పీల్చి వదిలి, తర్వాత ఛాతీ లోతుల్లోంచి దగ్గండి.
- డబ్బాలో పడ్డది చిక్కగా, జిగటగా ఉండాలి. నీళ్లలా తేటగా, నురగగా ఉంటే అది ఉమ్మి. మళ్లీ ప్రయత్నించండి.
- ఓ చెంచాడు ఉంటే చాలు. మూత బిగించండి. మూత బిగించే బలం వేళ్లలో లేకపోతే ఇంకొకరితో బిగించి, వాళ్లను చేతులు కడుక్కోమనండి.

కళ్లె అసలు రాకపోతే ఉప్పునీటి నెబ్యులైజర్ పెట్టి తెప్పిస్తారు. “రాలేదు కాబట్టి పరీక్ష లేదు” అని ఇంటికి వచ్చేయొద్దు.

6. డాక్టర్ దగ్గర

ముందు మీ రుమటాలజిస్ట్. ఆయనో ఆవిడో ఛాతీ డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి చూపించడం మీ పనే. ప్రైవేటు భారమనుకుంటే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

మొదటి నిమిషంలో చెప్పాల్సిన మాట ఇంత: “నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఫలానా మందులు ఇన్నేళ్లుగా వాడుతున్నాను. దగ్గు ఫలానా తేదీన మొదలైంది. ఆక్సిజన్ కూర్చుంటే ఇంత, నడిస్తే ఇంత.” కాగితం చేతిలో పెట్టండి. ఓపీలో మీకు దొరికే ఐదారు నిమిషాల్లో మూడు ఇలా మిగులుతాయి.

వీపు మీద స్టెత్ పెట్టి వినేలా చూడండి. చీరో, శాలువో అడ్డం ఉంటే ముందే తీసి కూర్చోండి. ఊపిరితిత్తులు గట్టిపడుతుంటే కింది భాగంలో, చెప్పుల మీద ఉండే అంటుకునే పట్టీని మెల్లగా విప్పినట్టు చరచరమనే శబ్దం వస్తుంది. మందపాటి బట్ట మీంచి అది వినబడదు.

ఎక్స్‌రే తీస్తారు. అది బాగుందంటే సంతోషమే గానీ, గట్టిపడడం తొలిదశలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఆయాసం ఉండి, ఎక్స్‌రే నార్మల్ అంటే హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే స్కాన్) అవసరమా అని అడగండి. ఊదే పరీక్ష (పీఎఫ్‌టీ) రాస్తే డీఎల్‌సీఓ కూడా అందులో ఉందో లేదో చూసుకోండి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా దాటుతోందో చెప్పేది అదే. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చమనండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్మో, సీడీయో తీసుకెళ్లాలి.

ఊపిరితిత్తుల సమస్య అని తేలినా కీళ్లవాతం మందులన్నీ మూసేయాల్సిన పనిలేదు. ఏది ఉంచాలి, ఏది మార్చాలన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు. టీబీ అని తేలితే రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలవుతుంది. అది ప్రెడ్నిసొలోన్, టోఫాసిటినిబ్ లాంటివాటి బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి టీబీ సెంటర్లో మందు తెచ్చుకున్న రోజే రుమటాలజిస్ట్‌కి చెప్పండి.

7. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర

ఇది నాకు బాగా మండే విషయం, కాస్త ఓపిక పట్టండి. “అక్కా, దగ్గేగా, ఇది వేసుకో” అని కౌంటర్ మీంచి తోసే మాత్రల్లో మనకు పనికిరానివి చాలా ఉన్నాయి.

సెప్ట్రాన్, బాక్ట్రిమ్ (కోట్రైమాక్సజోల్): మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు దీన్ని సొంతంగా ఎప్పుడూ వేసుకోకూడదు. రెండూ కలిస్తే ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. నోట్లో పుండ్లు, జ్వరం, కారణం లేకుండా నల్లమచ్చలు కనిపిస్తే వెంటనే రక్త పరీక్ష. ఈ ఒక్క పేరు మీ ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి.

అజిత్రోమైసిన్: హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలిస్తే కొందరిలో గుండె లయ తప్పుతుంది. డాక్టర్ ఈసీజీ చూసి రాస్తే వేరు.

లివోఫ్లాక్సాసిన్: స్టెరాయిడ్ వాడేవాళ్లకు మడమ వెనక నరం లాంటి స్నాయువు తెగే ప్రమాదం ఎక్కువ. పైగా టీబీ ఉంటే దాన్ని కొన్నాళ్లు అణిచిపెట్టి, పరీక్షకి దొరక్కుండా చేస్తుంది. కళ్లె పరీక్ష ఇచ్చాకే, డాక్టర్ రాస్తేనే.

జలుబు మాత్రలు: కొన్నిటిలో పారాసిటమాల్‌తో పాటు నొప్పి మందు కలిసి ఉంటుంది. మీరు అప్పటికే ఒకటి వేసుకుంటున్నారు. వెనక చిన్న అక్షరాలు చదవండి.

సిరప్పులు: టెర్బ్యుటలిన్ ఉన్నది గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది. కొడీన్ ఉన్నది మత్తు, మలబద్ధకం. షుగర్ ఉన్నవాళ్లు “షుగర్ ఫ్రీ” అని అడగాలి. కళ్లె బాగా పడుతుంటే దగ్గుని అణిచే సిరప్ తాగకండి, లోపల పేరుకుంటుంది.

ఇక “ఒక్క సూదితో దగ్గు, నొప్పులు రెండూ పోతాయి” అనే ఆర్ఎంపీ ఇంజెక్షన్. అది చాలాసార్లు డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడ్. రెండు రోజులు స్వర్గం చూపిస్తుంది. ఆ రెండు రోజుల్లో లోపల ఇన్ఫెక్షన్ నిశ్శబ్దంగా పెరుగుతుంది.

8. కారణం తేలేదాకా ఉపశమనం

గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా. ఉప్పునీటి పుక్కిలింత. చెంచా తేనె. బుగ్గన కరక్కాయ ముక్క. మా అమ్మ చెప్పిన వాటిలో ఇదొక్కటి నేనిప్పటికీ మానలేదు, చప్పరిస్తుంటే గొంతు తడిగా ఉండి గరగర తగ్గుతుంది. మిరియాల పాలు తాగొచ్చు, పులుపు పైకి తన్నేవాళ్లకి మాత్రం రాత్రిపూట వద్దు.

రెండింటికి దూరంగా ఉండండి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లకు అది ఇంకా చెడ్డది. తిప్పతీగ కషాయం వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ వాడే లివర్ మీద ఇంకో బరువు ఎందుకు?

ఆవిరి పట్టేటప్పుడు జాగ్రత్త. మన మణికట్లకి మరిగే నీళ్ల గిన్నె మోసే బలం ఉండదు. గిన్నెను ఇంకొకరితో గట్టి బల్ల మీద పెట్టించండి, ఒళ్లో పెట్టుకోవద్దు. బాత్రూంలో వేడినీళ్లు తిప్పి తలుపు వేసి ఐదు నిమిషాలు కూర్చున్నా అదే ఫలితం.

దగ్గు తెర వచ్చినప్పుడు ఒక దిండుని ఛాతీకి, పొట్టకి హత్తుకుని కాస్త ముందుకి వంగండి. స్టెరాయిడ్ల వల్ల ఎముకలు గుల్లబారినవాళ్లకు గట్టి దగ్గుకే పక్కటెముక విరగొచ్చు. మెడలో కీళ్లవాతం ఉన్నవాళ్లు తల వెనక్కి విసిరి దగ్గొద్దు. దగ్గాక చేతుల్లో కొత్తగా తిమ్మిరి, కాళ్లలో పట్టు తప్పడం ఉంటే అదే రోజు చూపించుకోండి.

కళ్లె తీయడానికి బలంగా దగ్గనక్కర్లేదు. కళ్లజోడు అద్దం తుడిచే ముందు నోటితో “హా” అని ఆవిరి కొడతాం చూడండి, అలాగే. మామూలుగా గాలి పీల్చి, నోరు తెరిచి, పొట్ట బిగించి “హా” అని రెండు సార్లు ఊదండి. తర్వాత నెమ్మదిగా నాలుగైదు శ్వాసలు. మళ్లీ ఒకసారి. కళ్లె గొంతు దాకా వచ్చాక ఒక్క చిన్న దగ్గు చాలు.

దగ్గితే మూత్రం చుక్క పడుతోందా? చెప్పుకోవడానికి సిగ్గుపడతాం గానీ చాలామందికి ఉన్నదే. దగ్గు రాబోతోందని తెలియగానే మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి, అప్పుడు దగ్గండి. వారం రోజుల్లో అలవాటవుతుంది.

ఇన్‌హేలర్ రాస్తే, బొటనవేలితో నొక్కడం కష్టమైతే రెండు చేతులతో నొక్కండి, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) అడగండి. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల తేడా. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు లేపండి. దిండు మీద దిండు పేరిస్తే మెడ వంగుతుంది తప్ప పులుపు ఆగదు. ఎండుమిర్చి తాళింపు, అగరొత్తులు, దోమల కాయిల్ ఈ కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇంట్లో చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్లుంటే వీధిలోకి పంపండి, మొహమాటం వద్దు.

9. తగ్గుతోందా లేదా ఎలా తెలుస్తుంది?

“కొంచెం నయం” అనే మాట పనికిరాదు. రోజూ రాత్రి నాలుగు అంకెలు క్యాలెండర్ గడిలో వేయండి: దగ్గుతో ఎన్నిసార్లు లేచారు, నడిచాక ఆక్సిజన్, సాయంత్రం టెంపరేచర్, పొద్దున కీళ్లు ఎన్ని నిమిషాలు బిగుసుకున్నాయి. ఆదివారం బరువు.

“ప్రిల్” మాత్ర మార్చాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు. జలుబు తర్వాత మిగిలే దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలు సాగవచ్చు. అయితే అది వారం వారం తగ్గుతూ పోవాలి, అలాగే ఉండకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం దిగకపోతే కోర్సు అయ్యేదాకా ఎదురుచూడకుండా ఫోన్ చేయండి. న్యుమోనియా అని తేలినవాళ్లు ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే అవసరమా అని అడగాలి. ఎనిమిది వారాలు దాటితే పరీక్షలన్నీ “నార్మల్” వచ్చినా ఛాతీ డాక్టర్‌ని మళ్లీ కలవండి.

ఆపిన మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆపిన రోజే అడిగి రాయించుకోండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. దగ్గు పోతుంది, మందు మర్చిపోతారు, నెల తర్వాత వేళ్లు వాచి మళ్లీ ఓపీ లైన్లో నిలబడతారు. చీటీ మీద “యాంటీబయాటిక్ అయ్యాక మొదలు” అని ఉంటే ఆ తేదీ లెక్కగట్టి క్యాలెండర్‌లో చుట్టూ గీత గీయండి.

ఒంట్లో కుదుటపడ్డాక ఫ్లూ టీకా (ఏటా), న్యుమోనియా టీకా గురించి అడగండి. సూదితో ఇచ్చే ఫ్లూ టీకా మనం వేయించుకోవచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం మీ మందుల జాబితా చూపించకుండా వద్దు. రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లయితే తర్వాతి డోసు తేదీ ముందే చెప్పండి, టీకాని దాన్నిబట్టి జరుపుతారు.